సంక్రాంతి మూడు రోజులూ షుగర్ మీటర్‌తో

నాకు షుగర్. పండక్కి వారం ముందే డాక్టరుతో మాత్రల వేళలు మాట్లాడుకుంటాను. నేను వేసుకునేవి మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్. ఈ రెండోదానితోనే జాగ్రత్త. మనం తిన్నా తినకపోయినా అది ఇన్సులిన్‌ను విడుదల చేయిస్తుంది. పెద్ద పండగనాడు పూజ అయ్యేసరికి పదకొండు, విస్తళ్లు వేసేసరికి రెండు. మాత్ర వేసుకుని నైవేద్యం దాకా ఖాళీ కడుపుతో ఉంటే షుగర్ పడిపోయి చెమటలు పడతాయి, చేతులు వణుకుతాయి. అందుకని టిఫిన్ వేళకు టిఫిన్ తినేస్తాను, దేవుడు ఏమీ అనుకోడు. మీటర్లో 70 కంటే తగ్గితే మూడు టీస్పూన్ల పంచదార నీళ్లలో కలుపుకుని తాగి, 15 నిమిషాలకు మళ్లీ చూసుకోవాలి. ఇంకా తక్కువే ఉంటే మళ్లీ తాగాలి. ఆ సమయంలో ఎదురుగా ఉంది కదా అని అరిసె తింటే లాభం లేదు. అందులోని నూనె వల్ల తీపి రక్తంలోకి మెల్లగా ఎక్కుతుంది.

ఆ నూనే ఇంకో రకంగా కూడా మోసం చేస్తుంది. అరిసెలు, గారెలు తిన్నాక రెండు గంటలకు చూస్తే 165 కనిపిస్తుంది, హమ్మయ్య అనుకుంటాం. నాలుగో గంటకు అది 220 దాటి ఉంటుంది. పిండివంటలు తిన్న రోజు నేను రెండుసార్లూ చూసుకుంటాను. గంటలు లెక్కపెట్టాల్సింది మొదటి ముద్ద నుంచి, చెయ్యి కడుక్కున్నప్పటి నుంచి కాదు.

చెయ్యి కడగడమంటే గుర్తొచ్చింది. పాకంపిండి ఒత్తిన వేలిని చీర కొంగుకు తుడుచుకుని గుచ్చితే మీటర్ 238 చూపించింది. సబ్బుతో కడిగి, బాగా తడి ఆరాక ఇంకో వేలి పక్కన గుచ్చితే 146. వేలికి అంటిన బెల్లం కూడా చుక్కలో కలిసిపోతుంది మరి. తడి వేలైతే రక్తం పలచబడి అంకె తగ్గుతుంది.

"బెల్లమే కదా, పంచదార కాదుగా" అంటారు. బెల్లంలో ఎక్కువ భాగం సుక్రోజే, అంటే పంచదారలో ఉండేదే. మా ఇంటి అరిసెను కాటాలో పెడితే 40 గ్రాములు తూగింది. బియ్యప్పిండి, బెల్లం కలిసి అందులో సుమారు 25 గ్రాముల పిండిపదార్థం. 90 గ్రాముల అన్నంలోనూ దాదాపు అంతే. "ఒక్కటేగా పిన్నీ" అని వడ్డిస్తే వద్దనను, గరిటెడు అన్నం తీయించేస్తాను. ఆ పూట పరమాన్నం మాత్రం ముట్టను. రెండూ కావాలంటే కుదరదు.

విస్తట్లో ముందు చిక్కుడుకాయ కూర, పప్పు తింటాను. అన్నం చివర. ఈ వరస మార్చినందుకే నా మీటర్లో తేడా కనిపించింది. గుమ్మడికాయ పులుసు కూరగాయే కదా అని పోసుకోవద్దు, అందులో బెల్లం పడుతుంది.

కనుమనాడు మినుము తినాలంటారు కాబట్టి గారె తప్పదు. నాటుకోడి పులుసుతో రెండు గారెలు తింటే అన్నం మానేస్తాను. మినప్పప్పులో మాంసకృత్తులు, పీచు ఉన్నాయి కాబట్టి అరిసెకన్నా ఇదే నయం.

అసలు దెబ్బ భోజనం దగ్గర కాదు, మధ్యమధ్యలో. టీవీ ముందు పెట్టిన జంతికల డబ్బాకు లెక్కుండదు. నా వాటా చిన్న గిన్నెలో పోసుకుని డబ్బా అటక ఎక్కించేస్తాను. భోజనమయ్యాక పావుగంట నడక, వీధి చివరిదాకా ముగ్గులు చూసుకుంటూ.