అమ్మవారికి అమ్మ పంపిన బెండకాయలు

ఆషాఢంలో బెజవాడ దుర్గమ్మకి కూరగాయలతో శాకంబరి అలంకారం చేస్తారని చిన్నప్పటి నుంచీ తెలుసు, టీవీలో ఎన్నోసార్లు చూశాను, కానీ ఆ దండలు గుచ్చే సేవలో కూర్చునే భాగ్యం ఈ ఏడాదే దక్కింది. అమ్మకి మోకాళ్ల నొప్పులు, గుంటూరు నుంచి రాలేనంది. మా పెరట్లో కాసిన బెండకాయలు మూడు కేజీలు పొద్దున్నే కోసి, తడిగుడ్డలో చుట్టి సంచిలో పెట్టి ఇచ్చింది. "ఒక్క కాయైనా అమ్మవారి ఒంటి మీదకి చేరితే చాలే" అంది.

బస్సులో ఆ సంచి కింద పెట్టబుద్ధి కాక ఒళ్లోనే ఉంచుకున్నా. వారధి ఎక్కి కొండ కనపడగానే పక్కావిడ చెంపలు వేసుకుంది.

మహామండపంలో ఎటు చూసినా కూరగాయలే. రైతులు, వ్యాపారులు పంపిన వంకాయలు, దొండకాయలు, కాకరకాయలు, సొరకాయలు, నిమ్మకాయలు, కట్టలు కట్టలుగా ఆకుకూరలు. ఆ పచ్చి వాసన ఇప్పటికీ ముక్కులో ఉంది. దబ్బనం, పురికొస చేతికిచ్చి కూర్చోమన్నారు. నేను హడావిడిగా బెండకాయని నడిమికి గుచ్చేశాను. జిగురు కారి పురికొస జారిపోయింది, దండ పైకెత్తితే నాలుగైదు కాయలు చీలి కింద పడ్డాయి. ఏడుపొచ్చేసింది, అమ్మ కోసిచ్చిన కాయలు కదా.

పక్కనున్న పెద్దావిడ దండ తీసుకుని, "అలా కాదమ్మా, తొడిమ కింద గట్టిగా ఉంటుంది చూడు, అక్కడ గుచ్చాలి" అంటూ ఒక్కో కాయనీ కాస్త తిప్పుతూ, ఒకదాని ముచ్చిక ఇటు వస్తే ఇంకోదానిది అటు వచ్చేలా గుచ్చి చూపించారు. చేతులు ఆడిస్తూనే కథ చెప్పారు. నూరేళ్లు వానల్లేక భూమి ఎండిపోతే అమ్మవారు తన ఒంట్లోంచే కూరగాయలు పుట్టించి, మళ్లీ వానలు పడేదాకా లోకాన్ని సాకిందట. అమ్మవారి మహిమలు చెప్పే దుర్గా సప్తశతి పదకొండో అధ్యాయంలో ఉంది ఇది. నాకు కథ తెలిసిందే, కానీ ఒళ్లో బెండకాయలు పెట్టుకుని వింటుంటే ఒళ్లు జలదరించింది. ఈ కాయలు ఆవిడ ఒంట్లోవే అయితే మనం తెచ్చి ఇస్తున్నదేముంది, ఆవిడవి ఆవిడకే గుచ్చి పెడుతున్నాం.

సాయంత్రానికి వేళ్లు మంటలు, పచ్చిమిర్చి దండ కూడా గుచ్చాను మరి.

మర్నాడు దర్శనానికి వెళ్తే గుడంతా పచ్చగా ఉంది. స్తంభాలకి, గుమ్మాలకి, మల్లేశ్వరస్వామి దగ్గర కూడా కాయల దండలే. లోపల అమ్మవారి చుట్టూ ఆకుకూరలు, పండ్లు, మధ్యలో ఆ పసుపు మోము. నిలబడనిచ్చింది రెండు క్షణాలు. మా కాయలు ఆ దండల్లో ఉన్నాయో లేదో వెతకాలనే అనుకున్నాను గానీ, ఆ మొహం చూశాక కళ్లు పక్కకి పోలేదు.

కదంబం ప్రసాదం తెచ్చి అమ్మ చేతిలో పెట్టాను. కళ్లకద్దుకుని, "మనవి ఎక్కడ కట్టారే?" అంది. చూడలేదని చెప్తే ఏమంటుందోనని భయపడుతూనే చెప్పాను. కాసేపు ప్రసాదం తింటూ ఊరుకుని, "వచ్చే ఏడు దొండపాదు కూడా పెడదాం, దొండకాయలైతే గుచ్చితే చీలవు" అంది.