నల్లా విప్పి వదిలేసిన నీళ్లు

పడుకున్నా నిద్ర పట్టడం లేదు, లేచి రాస్తున్నా. సాయంత్రం అమెరికాలోని మినియాపొలిస్ నుంచి బిడ్డ వీడియో కాల్ చేసింది. మంచు పడకముందు చేసుకోవాల్సిన పనులు మొదలుపెట్టారట. ఇంటి కప్పు అంచున వాననీళ్లు పోయే గట్టర్లలో ఇరుక్కున్న మేపుల్ ఆకులు తీసేశారు. ఉప్పు బస్తా, మంచు ఎత్తే పార తెచ్చుకున్నారు. మంచు పడటం ఆగిన 24 గంటల్లోపు ఇంటి ముందు కాలిబాట శుభ్రం చేయాలని అక్కడి రూలు. సొంతిల్లు కదా, ఇక ఆ పని కూడా వీళ్లదే.

తర్వాత బేస్‌మెంట్‌లో పెరటి నల్లాకు నీళ్లొచ్చే వాల్వ్ కట్టేసి, పెరట్లోకొచ్చి, హోస్ పైపు ఊడదీసి నల్లా విప్పింది. పైపులో మిగిలిన నీళ్లు గడ్డిలోకి పోతుంటే ఫోను అటు తిప్పి చూపించింది. "బకెట్ పెట్టు బిడ్డా" అన్నాను. "ఎందుకమ్మా!" అని నవ్వింది.

నల్గొండ జిల్లా మర్రిగూడ వైపు పుట్టినదాన్ని, ఎందుకో ఎట్లా చెప్పను? బోరు నీళ్ల నిండా ఫ్లోరైడే. కాస్త మంచి నీళ్లున్న బాయి ఊరవతల. అమ్మ తెల్లారకముందే బిందెతో పోయేది. బియ్యం మొదటి కడుగు బర్రె కుడితిలోకి, రెండో కడుగు కరివేపాకు చెట్టుకు. ఆ చెట్టుకు అంతకుమించి చుక్క దక్కేది కాదు. ఆ ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు బిగుసుకుపోయి మా చిన్నాయన నలభై దాటకముందే వంగిపోయాడు. ఎవరైనా పిలిస్తే మెడ తిరిగేది కాదు, కాళ్లతో సహా మనిషంతా తిరిగి చూడాల్సిందే. ఇప్పుడు నల్గొండలో మా ఇంటికి కృష్ణా నీళ్లొస్తున్నా నల్లా కింద బకెట్ లేకుండా నేను విప్పను.

అందుకే బిడ్డ మీద చిరాకు పడ్డాను. కానీ చలికి పైపులో మిగిలిన నీళ్లు గడ్డ కడితే దాదాపు 9 శాతం ఉబ్బుతాయి. ఆ ఒత్తిడికి పైపు పగిలితే, మంచు కరిగాక ఇల్లంతా నీళ్లే. దాంతో పోలిస్తే ఇవాళ గడ్డిలో పోయినవి ఎన్ని? బిడ్డ చేసిందే సరైన పని. ఇంత జాగ్రత్తగా ఇల్లు చూసుకుంటోందని సంతోషంగానే ఉంది.

నన్ను నిజంగా పడుకోనివ్వనిది అల్లుడి మాట. నడుమెత్తు పెరిగిన కరివేపాకు కుండీని "గరాజులో పెడదాం అత్తమ్మా, ఇంట్లోకైతే పురుగులొస్తాయి" అన్నాడు. ఆ గరాజులో హీటర్ లేదు. జనవరిలో సున్నాకు 20 డిగ్రీలు కిందికి పోయే ఊరది. కరివేపాకు అంత చలికి బతకదు. నేనా మాటంటే, "పోతే ఎండాకాలంలో ఇంకోటి కొందాంలే" అన్నాడు. ఎంత తేలిగ్గా అనేశాడో! అద్దె ఇంట్లో ఉన్నప్పటి నుంచి నా బిడ్డ చిన్న మొక్కను సాకి అంత చేసింది. పార కొనడానికి ఉన్న శ్రద్ధ ప్రాణమున్న చెట్టు మీద ఉండొద్దా?

అయితే పురుగుల భయం మాత్రం వట్టిది కాదు. ఆకు మొదట్లో దూదిలా తెల్లగా ఉన్నది పిండినల్లి పురుగే, నేను ఫోన్లో చూశాను. నీళ్లలో వేపనూనె, కొంచెం సబ్బు కలిపి ఆకుల అడుగు కూడా తడిసేలా కొట్టాలి. పురుగు పోయేదాకా వేరే గదిలో ఉంచి, తర్వాత దక్షిణం కిటికీ దగ్గర పెట్టుకోవచ్చు. హీటర్ గాలి నేరుగా తగలకూడదు. మట్టి ఎండితేనే నీళ్లు పోయాలి. చలికాలంలో వెలుతురు తక్కువై ఆకులు రాలుతాయి. మోడును చూసి చచ్చిందనుకొని బయట పారేస్తాడేమో, అదొకటి ముందే చెప్పాలి. రేపు బిడ్డకు కాదు, అల్లుడికే ఫోన్ చేస్తాను.