టీకొట్టు డ్రమ్ము

పర్లాకిమిడి నుంచి పాతపట్నం వెళ్తూ టీకి ఆగాను. గ్లాసులు కడిగే నీళ్ల డ్రమ్ము మీద ఎర్ర రంగులో సగం చెరిగిన ‘ఆగుము’. కోవిడ్ లాక్‌డౌన్‌లో ఈ ఒడిశా-ఆంధ్ర బోర్డర్ మూసినప్పుడు రోడ్డుకి అడ్డం పెట్టిన డ్రమ్మట.

“మళ్లీ ఎవరూ అడగలేదు బాబూ, నేనే కడిగి పెట్టుకున్నాను” అంది టీకొట్టు అమ్మ.

ఆ కోవిడ్ రోజులు ముగిశాయని చెప్పడానికి అమెరికాలో పెద్ద తతంగమే నడిచింది. హెల్త్ ఎమర్జెన్సీ ముగించాలంటూ 2023 జనవరి 31న దిగువ సభలో బిల్లు పెట్టి ఓట్లేశారు. 220 మంది సరే అన్నారు, 210 మంది కాదన్నారు. బిల్లు సెనేట్ దాటలేదనుకోండి. ఆఖరికి మే 11న ఆ ఎమర్జెన్సీ గడువే తీరిపోయింది.

మన దగ్గర విపత్తు నిర్వహణ చట్టం కింద పెట్టిన ఆంక్షలు 2022 మార్చి 31తో సరి. ఓటూ లేదు, వాదనా లేదు. ఆ రోజు ఏం చేస్తున్నానో కూడా నాకు గుర్తులేదు.

మూసిన రోజులు మాత్రం బాగా గుర్తు. పిన్ని వాళ్లది పాతపట్నం, ఆవిడ బీపీ మందులు మా ఇంట్లో. డ్యూటీలో ఉన్న పోలీసాయన కవరు అందుకుని అటువైపు ఇచ్చాడు, ఏ ఆర్డరులోనూ లేని పని అది.

కాదన్న ఆ 210 మంది పేర్లూ రికార్డులో ఉన్నాయి. నాకదే నచ్చింది, వాళ్లతో ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా.