ఎన్ని పురుగులు పడితే ఆపాలి?

ఆడపురుగు వాసనతో మగ రెక్కల పురుగులను రప్పించి పట్టే లింగాకర్షక బుట్టలో వరుసగా మూడు రాత్రులు ఎనిమిదేసి పడితే పత్తికి మందు కొట్టాలి. గులాబీ రంగు పురుగుకు వ్యవసాయ అధికారులు ఏళ్లుగా చెబుతున్న లెక్క ఇది. మా ప్రాజెక్టును ఎప్పుడు ఆపాలో చెప్పే లెక్క మాత్రం మా దగ్గర లేకపోయింది.

బుట్టలో చిన్న కెమెరా పెడితే, పడిన పురుగులను అదే లెక్కపెట్టి రైతు ఫోనుకు పంపాలి. పరకాల దగ్గర, కెన్యాలో, బుర్కినా ఫాసోలో మూడు చోట్ల ప్రయోగ క్షేత్రాలు. హనుమకొండలో కూర్చుని మూడింటి లెక్కలూ చూసేది నేను. రెండో వానాకాలానికే ఇక్కడి సంగతి తేలిపోయింది. చెమ్మకు అద్దం మసకబారేది, కెమెరా ఈగనూ పురుగుగానే లెక్కించేది. అయినా ఇంకో ఏడాది లాగాం. ఆపుదామన్న మాట ముందుగా తమ నోటి నుంచి రాకూడదని మూడు దేశాల వాళ్లమూ బిగుసుకు కూర్చున్నాం మరి.

ముడి విప్పింది బుర్కినా ఫాసో సహోద్యోగి. వాళ్లు 2008లో బీటీ పత్తి, అంటే పురుగును చంపే జన్యువు చేర్చిన పత్తి, సాగు మొదలుపెట్టారు. పురుగు తగ్గింది, దిగుబడీ బాగానే వచ్చింది. కానీ పింజ, అంటే దూది పోగు, పొట్టిదైపోయి పత్తి కంపెనీలకు ధర గిట్టలేదు. 2016 నాటికి వదిలేశారు. మన దగ్గర 2002లో బీటీ, 2006లో రెండు జన్యువుల రకం వచ్చాయి. గులాబీ రంగు పురుగు రెండింటికీ అలవాటు పడిపోయింది, అయినా చేలనిండా ఆ విత్తనాలే. "మీరు పురుగు చచ్చిందా అని చూస్తారు, మేం పింజ ఎంత ఉందని చూస్తాం. మూడు చోట్లా ఒకే కొలబద్ద ఎందుకు?" అన్నాడాయన.

దాంతో, దాటితే ఆపేయాలని ఎక్కడికక్కడ గీత గీసుకున్నాం. కెన్యాలో బుట్ట ఖర్చు ఒక పిచికారీ ఖర్చును మించకూడదు. ఇక్కడ చేతి లెక్కకూ కెమెరా లెక్కకూ తేడా రాత్రికి రెండు పురుగులు దాటకూడదు, ఐదు ఎనిమిదైతే రైతు అనవసరంగా మందు కొడతాడు కనుక. గడువు దీపావళి. గీత మీద కంటే ఆ తేదీ మీదే ఎక్కువ వాదన జరిగింది. దసరాకే తేడా ఐదుకు చేరింది. ఇక్కడిది మూసేశాం, కెన్యాలో ఇంకా నడుస్తోంది.

కెమెరాలు విప్పడానికి వెళ్తే చేను పెద్దాయన దగ్గరుండి చూశారు. "కెమెరా తీసుకుపో తల్లీ, బుట్ట మాత్రం ఉంచు. పొద్దున్నే లెక్కపెట్టుకోవడం అలవాటైంది" అన్నారు.

పదహారు బుట్టలు అక్కడే వదిలి వచ్చాను. సామాను జాబితాలో "పాడైనవి" అని రాశాను.