రెండు పలకల మధ్య బొగ్గు

చిన్నోడు ఎట్టకేలకు పడుకున్నాడు. ఈయన సంగతి మీకు తెలిసిందే, తొమ్మిదిన్నరకే గురక. నాకే నిద్ర పట్టట్లేదు. పొద్దున మీటింగ్‌లో సార్ అన్న మాట చెవిలోంచి పోవట్లేదు: "ఈ వంకరటింకర రంధ్రాలెందుకమ్మా? రెండు పలకలు పెట్టి లాగించెయ్."

బొగ్గు ఎంత మీథేన్ పట్టుకుంటుంది, అది ఎంత వేగంగా బయటికొస్తుంది, కంప్యూటర్‌లో మోడల్ కట్టి ఇదే లెక్కేస్తాం. ఆ గ్యాస్‌ను పట్టి ఉంచే సందులు చాలావరకు 2 నానోమీటర్ల లోపే. పలకల మోడల్‌లో అవన్నీ గ్రాఫైట్ గోడల మధ్య నున్నటి చీలికలు. అసలు బొగ్గులో ఒకచోట ఖాళీ, ఆ పక్కనే ఒక్క అణువు దూరడమే గగనమైన ఇరుకు. నా మోడల్‌లో ఆ ఇరుకులన్నీ ఓపిగ్గా కట్టుకొచ్చాను. రన్ ఇవాళే సాఫీగా పూర్తయింది. ఆ ముక్క నోరు తెరిచి చెప్పేలోపే ఈ మాట!

ఎంటెక్ ల్యాబ్ గుర్తొచ్చింది. బొగ్గు పొడిని గాజు గొట్టంలో వేసి, రాత్రంతా వాక్యూమ్‌లో వేడిచేసి, ద్రవ నైట్రోజన్‌లో దించేవాళ్ళం. ఫ్లాస్క్ మూతి చుట్టూ తెల్లటి పొగ, గొట్టం మెడకి మంచు పొర. లోపలి ఉపరితలం కొలవడానికి వాల్వ్ తిప్పి నైట్రోజన్ గ్యాస్ వదిలి, ప్రెజర్ ఎప్పుడు నిలకడకొస్తుందా అని గంటల తరబడి చూస్తూ కూర్చోవడమే పని. 77 కెల్విన్ (సుమారు మైనస్ 196 డిగ్రీల సెల్సియస్) దగ్గర నైట్రోజన్ లోపలికి పోనే పోదు. ఈ బొగ్గుకి లోపల ఉపరితలమే లేదన్నట్టు మెషీన్ గీత గీసేది. అదే శాంపిల్‌కి 273 కెల్విన్ (సుమారు సున్నా డిగ్రీలు) దగ్గర కార్బన్ డయాక్సైడ్ ఇస్తే గబగబా పీల్చేసుకునేది. అణువుల సైజు ఇంచుమించు ఒకటే. అంత చలిలో ఇరుకు దాటే శక్తి నైట్రోజన్‌కి ఉండదు, అంతే. సార్ కూడా ఇవన్నీ చేసే వచ్చుంటారు కదా!

రాస్తుంటే ఇంకోటి అనిపిస్తోంది. ఆయన అన్నదాంట్లో సగం నిజమే. వేర్వేరు వెడల్పుల పలకలు కలిపితే అడ్సార్ప్షన్ గ్రాఫ్, అంటే ఏ ప్రెజర్‌కి ఎంత గ్యాస్ గోడలకు అంటుకుంటుందో చెప్పే గీత, చక్కగా కుదురుతుంది. లాంగ్మ్యూర్ అనే శాస్త్రవేత్త 1918లో గాజు, అభ్రకం, ప్లాటినం చదును ముఖాల కోసం రాసిన సమీకరణాన్నే ఇప్పటికీ బొగ్గుకి వాడుతున్నాం. ఎంత పడుతుందో చెప్పడానికి అది చాలు.

డిఫ్యూజన్‌కి, అంటే అణువులు సందుల్లోంచి ఎంత వేగంగా కదులుతాయో చెప్పడానికి, చాలదు. గాలిలోంచి నైట్రోజన్‌ను వేరుచేసే కార్బన్ సీవ్‌లో (సన్నటి సందులున్న కార్బన్ జల్లెడ) ఆక్సిజన్, నైట్రోజన్ చివరికి దాదాపు సమానంగానే పడతాయి. తేడా అంతా దూరే వేగంలో ఉంది. ఆక్సిజన్ అణువు వెడల్పు 0.346 నానోమీటర్లు, నైట్రోజన్‌ది 0.364. ఆ కాస్త తేడా మీదే ప్లాంట్లు నడుస్తున్నాయి. సందు పొడవునా ఒకటే వెడల్పు అనుకుంటే ఆ ఇరుకు ఎక్కడ పెట్టను?

"ఎంత" అన్న గ్రాఫ్‌కి పలకలే ఉంచుతాను, రన్ టైమ్ కూడా కలిసొస్తుంది. వేగం గ్రాఫ్‌లో మాత్రం నా ఇరుకులు తియ్యను. రేపు రెండు గీతలూ పక్కపక్కన పెట్టి సార్‌కి చూపిస్తాను.