శాంటియాగో నుంచి సింహాచలానికి

నిన్న మధ్యాహ్నం స్పెయిన్‌లోని క్రైస్తవ యాత్రాస్థలం శాంటియాగో చేరుకున్నాను. ఫ్రాన్స్ వైపు కొండల దగ్గర మొదలుపెట్టి దాదాపు 780 కిలోమీటర్లు, 34 రోజుల నడక. కెథెడ్రల్ ముందు రాతిపలకల మీద బూట్లు విప్పి కూర్చున్నాను. చాలాసేపు లేవబుద్ధి కాలేదు.

ఊరూరా ముద్రలు వేయించుకున్న యాత్రికుల పుస్తకం ఒళ్లో ఉంది. ఇక్కడి గలీసియా ప్రాంతపు వానకు తడిసి, చివరి పేజీలో నీలం సిరా అలుక్కుపోయింది. ఆ పేజీ అంటేనే నాకు ఎక్కువ ఇష్టం.

ఇక్కడి నుంచి సముద్రపు ఒడ్డున ఉన్న ఫినిస్తెరె మరో 90 కిలోమీటర్లు. చాలామంది అక్కడిదాకా వెళ్తారు. వీసాకి ఇంకా గడువు కూడా ఉంది. వెళ్దామనే అనుకున్నాను. రాత్రి విశాఖ నుంచి అమ్మ ఫోను చేసి, "ఆషాఢ పౌర్ణమికి వచ్చేస్తావా నాన్నా?" అని అడిగింది. అంతే, నా సముద్రం ఎక్కడుందో తెలిసిపోయింది.

ఆషాఢ పౌర్ణమికి చేసే సింహాచలం గిరి ప్రదక్షిణ, కొండ చుట్టూ 32 కిలోమీటర్లు. అమ్మ ఏటా చెప్పులు లేకుండా నడుస్తుంది. నేను ఒక్కసారీ తోడు వెళ్లలేదు. ఈసారి కొండ కింద తొలి పావంచా (మొదటి మెట్టు) దగ్గర ఆమెతో కలిసి కొబ్బరికాయ కొడతాను. జోడుగుళ్లపాలెం దగ్గర అలల్లో కాళ్లు తడుపుకుంటాను.

టికెట్ తేదీ మార్చుకున్నాను. రైల్లో మాడ్రిడ్, అక్కడి నుంచి విమానంలో ఢిల్లీ, తర్వాత విశాఖ. నడక కర్రలు రెండూ మడిచి పెద్ద సంచిలో కట్టేశాను. అందులో ఒకటి అమ్మకి.