యుద్ధం కార్డు, ఆరో ప్రతి: ‘వెయ్యి’ అన్న మాట తీసేశాను

ఆదివారం, రాత్రి పదకొండున్నర

ఒక్క ఎటాక్‌లో ఆటగాడికి తగిలే దెబ్బ ఆరా, ఎనిమిదా, పదా? మధ్యాహ్నం మూడింటికి మేడ మీద కూర్చున్న నలుగురం ఏడింటి దాకా దీన్నే నమిలాం. రెండు టీలయ్యాయి, ఒకసారి కరెంటు పోయింది, గేమ్ ఒక్కటీ పూర్తవలేదు. చివరికి బావ డెక్ పెట్టె సంచిలో పడేసి, "ఆడదారని వస్తే లెక్కల క్లాసు పెట్టేసినారు. నానెల్తన్నాను" అని మెట్లు దిగిపోయాడు. తప్పు బావది కాదు, నేను రాసిన కార్డుది.

కొత్తగా చదివేవాళ్ళకి ఒక్క ముక్క. మేజిక్ ద గ్యాదరింగ్ అనే కార్డుల ఆటలో కోంబాట్ (జీవులు కొట్టుకునే ఘట్టం) దగ్గర వచ్చే తగాదాలకి జవాబు చెప్పే తెలుగు కార్డు ఒకటి తయారుచేస్తున్నాను. కొలత 63 బై 88 మిల్లీమీటర్లు, మామూలు కార్డంతే. స్లీవ్‌లో (కార్డు తొడుగులో) దూర్చి డెక్‌తో పాటే పెట్టుకోవచ్చు. 10 పాయింట్ల అక్షరాలైతే 15 పంక్తులు పడతాయి. 8 పాయింట్లకి దించితే మరో నాలుగు పంక్తులు దక్కాయి గానీ, ఒత్తులన్నీ కింది పంక్తి గుడుల్లో ఇరుక్కుని ‘స్ట్రైక్’ అన్న మాట చీమలబారులా కనబడింది. కాబట్టి 15 పంక్తులే, అందులోనే సర్దాలి.

ట్రాంపుల్ అంటే బ్లాకర్‌కి (అడ్డొచ్చిన జీవికి) చాలినంత పోగా మిగిలిన దెబ్బ ఆటగాడికి తగిలే శక్తి. ఐదో ప్రతిలో పన్నెండో పంక్తి ఇది: "ట్రాంపుల్ ఉంటే బ్లాకర్ చావడానికి చాలినంత దానికి వెయ్యి, మిగిలింది ఆటగాడికి వెయ్యి." మేనల్లుడు చదివి, "వెయ్యేటి మావయ్యా, అయిదే కదా ఉన్నాది?" అన్నాడు. నవ్వేసి ఊరుకున్నాం.

తగాదా వచ్చిన బల్ల ఇది. మేనల్లుడి ఎర్ర జీవి 4/4 (కొట్టే దెబ్బ 4, చావడానికి తగలాల్సిన దెబ్బ 4) ఒంటరిగా ఎటాక్‌కి వచ్చింది. బావ (అంటే వాళ్ళ నాన్నే) కోర్ ఫైర్‌వాకర్‌తో అడ్డుకున్నాడు. అది 2/2, ఎరుపు నుంచి ప్రొటెక్షన్ ఉంది, అంటే ఎర్రవాటి దెబ్బ దానికి తగలదు. బ్లాక్ ప్రకటించేశాక మేనల్లుడు ఎంబర్‌క్లీవ్ అనే ఆయుధం కార్డు దించాడు. అసలు కార్డు కాదు, కాగితం ముక్క మీద బాల్‌పెన్నుతో రాసి స్లీవ్‌లో పెట్టినది. ఆరు మానాది (మానా అంటే కార్డు దించడానికి పెట్టే ఖర్చు), ఎటాక్‌లో ఒక జీవి ఉంది కాబట్టి ఐదు పడింది. జీవి 5/5 అయింది, డబుల్ స్ట్రైకూ (రెండుసార్లు కొట్టే శక్తి) ట్రాంపులూ తగులుకున్నాయి. బావ లైఫ్ 7. ఎవరు ఎర్ర స్పెల్ వేసినా ఫైర్‌వాకర్ యజమాని ఒక లైఫ్ తీసుకోవచ్చు, ఎంబర్‌క్లీవ్ ఎర్రదే, కాబట్టి 8.

ఇక్కడే ముడి పడింది. 8 తగిలితే బావ సరిగ్గా చస్తాడు. 6 తగిలితే 2 మిగులుతుంది.

మేనల్లుడు 10 అన్నాడు. "ప్రొటెక్షన్ ఉన్నాది కదా, దానికి ఎర్ర దెబ్బ తగల్దు. తగలందానికి పంచడమేటి? అయిదూ అయిదూ పది, నాన్న అయిపోనాడు." బావ 6 అన్నాడు. ఆయన వాదన: కాపలా మనిషి బతికి నిలబడి ఉన్నంతసేపూ ప్రతిసారీ రెండు ఆగాల్సిందే. కింద వాటా కుర్రాడు ఫోన్‌లో ఎరీనా (ఇదే ఆట యాప్) ఆడి నేర్చుకున్నవాడు, వాడు 8 అన్నాడు. నేనూ 8 అన్నాను, నా కార్డు చేతిలో పట్టుకుని మరీ.

సరే, పరీక్ష పెడదాం అనుకున్నాం. తొమ్మిదిసార్లు బల్ల సర్ది, ఒక్కో ముక్క మార్చి చూశాం. నోట్‌బుక్‌లో రాసుకున్నది రాసినట్టు:

ఒకటి, రెండు: ప్రొటెక్షన్ లేని మామూలు 2/2 అడ్డు. మొదటి దెబ్బలో దానికి 2, ఆటగాడికి 3. అది చచ్చింది. రెండో దెబ్బలో అడ్డు లేదు, ట్రాంపుల్ ఉంది, ఐదూ ఆటగాడికే. మొత్తం 8. నలుగురూ ఒప్పుకున్నారు.

మూడు: ఫైర్‌వాకర్ అడ్డు, కానీ తొందరలో ఎర్రదాని బదులు నా డెక్‌లోని ఆకుపచ్చ 4/4 పెట్టేశాం. ఎంబర్‌క్లీవ్ ఎర్రదేగా అనుకున్నాం. దెబ్బ కొట్టేది జీవి, ఆయుధం కాదు. కాబట్టి ప్రొటెక్షన్ అక్కరకి రాదు, ఫైర్‌వాకర్ చచ్చి 8 వచ్చింది. ఇది న్యాయంగా వచ్చిన 8. దాన్ని చూపించి నేనూ కింద వాటా కుర్రాడూ గెలిచామని చంకలు గుద్దుకున్నాం. గంట వృథా అయింది ఇక్కడే.

నాలుగు, ఐదు: మళ్ళీ ఎర్ర జీవి. 6, 8, 10 మూడూ వచ్చాయి, ఎవరు లెక్కేస్తే వాళ్ళది. పైగా ఐదోసారి ఫైర్‌వాకర్ ఇచ్చే ఒక్క లైఫ్ కలపడం మరిచాం. 6 లెక్కన కూడా మిగిలింది 1 అని ఒకచోట, 2 అని ఇంకోచోట రాసి ఉంది.

ఆరు నుంచి తొమ్మిది: ఇండిస్ట్రక్టిబుల్ (దెబ్బ తగిలినా చావని) 2/2 అడ్డు. బావ లెక్కన ఇదీ బతికే ఉంటుంది, కాబట్టి 6 రావాలి. మాకు మాత్రం 8 వచ్చింది. ఎందుకో చెప్పలేకపోయాం. బావ సంచి సర్దింది అప్పుడే.

మంగళవారం

ఆఫీసు నుంచి వచ్చి నియమాల పుస్తకం తెరిచాను, ఆట తయారుచేసే విజార్డ్స్ వాళ్ళు ఉచితంగా పెట్టే పెద్ద ఫైలు. 510లో కోంబాట్ డ్యామేజ్ స్టెప్ (దెబ్బలు పంచి కొట్టే దశ), 702.4 డబుల్ స్ట్రైక్, 702.16 ప్రొటెక్షన్, 702.19 ట్రాంపుల్. ఇంగ్లీషు పొడిపొడిగా ఉంటుంది గానీ మాట జారదు. అందుకే నాకు వీడియోల కన్నా ఇదే నచ్చుతుంది. వీడియోలో చెప్పేవాడు చెయ్యి తిప్పేస్తాడు, మనం తలూపేస్తాం.

702.19 సారం ఇది: బ్లాకర్‌కి ఎంత చాలుతుందో లెక్క కట్టేటప్పుడు దాని ఒంటి మీద ఈపాటికే ఉన్న గాయం చూడాలి, అదే స్టెప్‌లో పక్కవాళ్ళు దానికి పంచుతున్నదీ చూడాలి. నిజంగా తగిలే మొత్తాన్ని తర్వాత మార్చే శక్తుల్ని మాత్రం చూడకూడదు.

అంటే పంచడం వేరు, తగలడం వేరు. నా కార్డు మీద రెంటికీ ‘వెయ్యి’ అనే రాశాను.

బంతి భోజనం అనుకోండి. ఫైర్‌వాకర్ ఎర్ర కూర ముట్టడు. ముట్టడని తెలిసినా విస్తరి వేశాక రెండు గరిటెలు వడ్డించాల్సిందే, మిగతా మూడే ఆటగాడికి. మేనల్లుడి 10 ఇక్కడ కొట్టుకుపోయింది. వడ్డించినది వాడు తినలేదు, కడుపులో ఏమీ పడలేదు. రెండో బంతికి మళ్ళీ ఖాళీ కడుపుతోనే కూర్చున్నాడు, మళ్ళీ రెండు గరిటెలు. 3, 3 కలిపి 6. అదే ఇండిస్ట్రక్టిబుల్‌వాడు మొదటి బంతిలోనే రెండూ తిన్నాడు, చావడు గానీ కడుపు నిండింది. రెండో బంతిలో వాడికి వడ్డించాల్సింది సున్నా. ఐదూ ఆటగాడికే. 3, 5 కలిపి 8.

బావ చెప్పిన అంకె సరైనదే, కారణం తప్పు. బతికి ఉండడం కాదు, గాయం పడకపోవడం. ఇది ఆయనకి ఫోన్‌లో చెబితే, "ఆరన్నాను కదేటి, ఆరేగా!" అని పెట్టేశాడు. ఆ మాటకొస్తే బావ 2009కి ముందు నేర్చుకున్నవాడు. అప్పట్లో పంచిన డ్యామేజ్ వెంటనే తగలకుండా స్టాక్ (జరగాల్సినవాటి వరస) మీద కూర్చునేది, మేజిక్ 2010 నియమాలతో అది పోయింది. ఆయనకి ఇప్పటికీ ఆ బెంగ.

మరి నేనెందుకు 8 దగ్గర ఆగిపోయాను? దీని మీద రెండు రాత్రులు పోయాయి. మొదట డబుల్ స్ట్రైక్‌ని ఒకే పది దెబ్బగా చూస్తున్నానేమో అనుకున్నాను. కాదు, అలా అయితే రెండు పోగా ఎనిమిదని వస్తుంది నిజమే గానీ, నోట్‌బుక్‌లో నేను 3, 5 అని విడివిడిగానే రాశాను. తర్వాత ఫైర్‌వాకర్ చచ్చిందనుకున్నానేమో అని చూశాను. అదీ కాదు, కార్డు బల్ల మీదే ఉంది, ఫొటో ఉంది.

ఆ ఫొటోలోనే దొరికింది. ఫైర్‌వాకర్ బొమ్మ మీద ఎర్ర పాచిక, రెండు చుక్కలు పైకి.

మేం పంచేటప్పుడు పాచిక కార్డు మీద పెడతాం, ఎంత పంచామో కనబడాలని. గాయాన్ని కూడా అదే పాచికతో, అదే చోట చూపిస్తాం. ఫైర్‌వాకర్‌కి దెబ్బ ఆగిపోయాక పాచిక తియ్యాలి, ఎవ్వరం తియ్యలేదు. రెండో స్టెప్‌కి వచ్చేసరికి ఆ రెండు చుక్కలూ గాయంలా కనబడ్డాయి. చాలినంత ఉందిగా అని ఐదూ బావ మీదకి పంపేశాను. ఎరీనాలో ఆ లెక్కంతా యాప్ లోపలే జరిగిపోతుంది, అందుకే కింద వాటా కుర్రాడికీ అనుమానం రాలేదు. యాప్ జవాబు చూపిస్తుంది, పాచిక ఎక్కడ పెట్టాలో చూపించదు.

శుక్రవారం

ఆరో ప్రతి. పన్నెండు, పదమూడు పంక్తులు ఇప్పుడు ఇలా ఉన్నాయి: "పంచేటప్పుడు: 2/2 అయితే 2, ఉన్న గాయం తీసెయ్యి. ప్రొటెక్షన్ చూడకు." "తగిలేటప్పుడు: ప్రొటెక్షన్ చూడు. ఆగితే గాయం లేదు." ‘వెయ్యి’ కార్డంతా వెతికి ఏడుచోట్ల తీశాను.

ట్యాప్ అయిన (పక్కకి తిప్పిన) బ్లాకర్ కూడా కొడుతుంది, బ్లాకర్ పోయినా ట్రాంపుల్ లేని ఎటాకర్ బ్లాక్ అయినట్టే, మొదటి స్టెప్ అయ్యాక ఫస్ట్ స్ట్రైక్ (ముందుగా కొట్టే శక్తి) వచ్చినా రెండో స్టెప్‌లో కొట్టచ్చు: ఈ మూడు పంక్తులూ పాస్, మార్చక్కర్లేదు.

గంటస్తంభం దగ్గర ప్రింట్ తీయించాను, 300 జీఎస్ఎం ఆర్ట్ కార్డు మీద. లామినేషన్ వద్దు. నాలుగో ప్రతికి చేయిస్తే అంచులతో కలిపి వెడల్పు 67 అయింది, 66 స్లీవ్‌లో ఎక్కడ దూరుతుంది? స్లీవ్‌ల విషయంలో నాది డ్రాగన్ షీల్డ్ మ్యాట్ పార్టీ. మా ఊరి ఉక్కకి నున్నటి స్లీవ్‌లు ఒకదానికొకటి అతుక్కుని, షఫుల్ చేస్తే అప్పడాల కట్టలా కదులుతాయి. చవకగా దొరికిందని పోయినేడు కొన్న వంద కట్ట ఒక్క వానాకాలంలో అంచులు విడిపోయింది. ఇప్పుడు అవి కరెంటు బిల్లులు దాచుకోడానికి పనికొస్తున్నాయి.

పాచికల సంగతి: పంచడానికి ఇక చింతపిక్కలు. అష్టాచెమ్మా డబ్బాలోంచి పది తీశాను. పిక్కలు కార్డు పక్కన పెట్టాలి, దెబ్బ నిజంగా తగిలితేనే పాచిక కార్డు మీదకి ఎక్కాలి. గాజు పూసలు కొనమని అంతా చెబుతారు, బల్ల వాలితే అవి ఎక్కడికో దొర్లిపోతాయి. పిక్క కదలదు.

ఆదివారం, రాత్రి

బావ వచ్చాడు. సిరిమాను పండగ దగ్గర పడుతోంది కదా, మూడు లాంతర్ల దగ్గర జనాన్ని దాటుకుని రావడానికి ముప్పావుగంట పట్టిందని విసుక్కుంటూనే వచ్చాడు. అదే బల్ల సర్దాం. ఎర్ర జీవి, ఫైర్‌వాకర్, కాగితం ఎంబర్‌క్లీవ్, లైఫ్ 8. కార్డు బావ చేతికిచ్చి నేను నోరు మూసుకున్నాను. రెండు పిక్కలు పక్కన పెట్టాడు, పదమూడో పంక్తి చదివాడు, పిక్కలు తీసి డబ్బాలో వేశాడు. మళ్ళీ రెండు పెట్టాడు, మళ్ళీ తీశాడు. మిగిలిన లైఫ్ 2. ఇండిస్ట్రక్టిబుల్‌తో 8, ఆకుపచ్చ జీవితో 8. ముగ్గురూ ఒకే అంకె చెప్పడం ఈ నెలలో ఇదే మొదటిసారి.

ఐదు నిమిషాలు కాలేదు, మేనల్లుడు: "మావయ్యా, మొదటి దెబ్బయినాక నాన్న ఎంబర్‌క్లీవ్‌ని ఇరగ్గొట్టీసినాడనుకో?" జవాబు నాకు తెలుసు. రెండో స్టెప్‌కి డబుల్ స్ట్రైక్ లేదు, మొదట్లో ఒకసారి కొట్టేసింది, ఇక కొట్టదు. 3తో సరి. కానీ కార్డు మీద ఆ పంక్తి లేదు, 15 పంక్తులూ నిండిపోయాయి. ఏదో ఒకటి తియ్యాలి. తొమ్మిదో పంక్తి మీద కన్నుంది. రెండు బ్లాకర్లుంటే దెబ్బ ఏ వరసలో వెయ్యాలన్నది అందులో ఉంది. 2024 నవంబరులో వచ్చిన ఫౌండేషన్స్ సెట్‌తో ఆ వరసే ఎత్తేశారు, ఎటాకర్ ఇష్టమొచ్చినట్టు పంచుకోవచ్చు. నేను బద్ధకించి ఉంచేశాను. నాకైతే పాత వరసే బాగుండేది, అడ్డుకున్నవాడికి ఒక ట్రిక్ ఆడే సందు దొరికేది. అయినా కార్డు మీద నా ఇష్టానికి చోటు లేదు.

ఏడో ప్రతిలో తొమ్మిదో పంక్తి పోయి ఎంబర్‌క్లీవ్ విరిగే ప్రశ్న వస్తుంది. వచ్చే వారం బల్ల మీద రెండు బ్లాకర్లు, ఒకదానికే ప్రొటెక్షన్, ఎటాకర్‌కి ట్రాంపుల్‌తో పాటు డెత్‌టచ్ (కాస్త దెబ్బ తగిలినా జీవిని చంపే శక్తి). పది పిక్కలు చాలవు. ఇంకో ఇరవై కడిగి మేడ మీద చేటలో ఆరబెట్టాను.